బాలభారతికి బల్లార్‌పూర్ నుంచి ఒక ఉత్తరం: ఆ ఖాళీ జాగా మళ్లీ ఇవ్వండి

మహారాష్ట్ర బడి పుస్తకాలు తయారుచేసే పుణె బాలభారతి సంచాలకులు గారికి,

ఉత్తరం తెలుగులో ఉందేమిటని విసుక్కోకండి. మీ మండలి అచ్చువేసే భాషల్లో తెలుగూ ఉంది కనుక, సేనాపతి బాపట్ రోడ్డులోని మీ ఆఫీసులో దీన్ని చదివి చెప్పేవాళ్లు దొరక్కపోరు. నేను చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్‌లో సాయంత్రాలు ఇంగ్లిష్ ట్యూషన్ చెబుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా మరాఠీ మీడియం బడుల్లో చదివే తెలుగింటి పిల్లలు. వాళ్లు ఇంగ్లిష్ మాటలు నేర్చుకునే తీరు గురించి మీతో నాలుగు ముక్కలు చెప్పాలని ఈ ఉత్తరం.

2023-24లో మీరొక పని చేశారు. రెండో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా పుస్తకాల్లో పాఠాల వెంట ఖాళీ పేజీలు పెట్టారు. బడిసంచి బరువు తగ్గుతుందన్నారు. పిల్లలు కష్టమైన పదాలకు అర్థాలు, ముఖ్యమైన సంగతులు అక్కడే రాసుకుంటారన్నారు. బరువు తగ్గలేదు. పిల్లలు ఆ పుస్తకమూ మోశారు, దాంతోపాటు నోటుబుక్కులూ మోశారు. 2025 జనవరిలో ప్రభుత్వం ఆ పేజీలు వద్దంది, 2025-26 నుంచి అవి పోయాయి. సంచి లెక్కన చూస్తే ఆ తీర్పు సబబే, దాని మీద నాకు పేచీ లేదు. 1945లో పుట్టిన కాగితం కంపెనీ ఉన్న ఊళ్లో కూర్చుని కాగితం కోసం పుణెను అడగడం కొంచెం నవ్వులాటగానే ఉంటుంది. అయినా అడుగుతున్నాను. ఎందుకంటే ఆ పేజీల మీద పిల్లలు చేసిన పని ఒకటి ఉంది, అది మీ దాకా వచ్చి ఉండదు.

ఆరో తరగతి అమ్మాయి ఇంగ్లిష్ పుస్తకంలో అలాంటి పేజీ ఒకటి చూశాను. పెన్సిల్‌తో రెండు నిలువు గీతలు కొట్టి మూడు గళ్లు చేసుకుంది. మొదటి గడిలో బోర్డు మీద చూసి దించుకున్న ఇంగ్లిష్ పదం. రెండో గడిలో టీచరు చెప్పిన మరాఠీ అర్థం, నీలం సిరాతో, తప్పుల్లేకుండా. మూడో గడిలో సన్నగా, ఎవరైనా అడిగితే చెరిపేయడానికి వీలుగా పెన్సిల్‌తో, తెలుగు అర్థం. ఆ తెలుగు దేవనాగరి లిపిలో ఉంది. పాపకు తెలుగు మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. 'యాంగ్రీ' అన్న మాటకు ఎదురుగా 'కోపమొచ్చింది' అని మరాఠీ అక్షరాల్లో రాసుకుంది. 'బారో' ఎదురుగా 'చేబదులు తీస్కునుడు' అని. చేబదులు! డిక్షనరీ చేసేవాళ్లు ఇంత చక్కటి మాట కోసం అర్ధరాత్రి దాకా తల గోక్కుంటారు. ఆ పాప వాళ్లమ్మ పక్కింట్లో చక్కెర అడిగే మాటల్లోంచి దాన్ని తీసి పెట్టుకుంది.

మూడో గడి పెట్టుకొమ్మని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెండో గడితో పని జరగక పెట్టుకుంది. ఆ పని ఎందుకు జరగలేదో వివరంగా చెప్పాలి.

మా పిల్లలకు మరాఠీ రాదని కాదు. నాకంటే బాగా వచ్చు. చిక్కల్లా మరాఠీకీ తెలుగుకూ ఉన్న చుట్టరికంతోనే. సంస్కృతం నుంచో ఉర్దూ నుంచో వచ్చిన మాట రెండు భాషల్లోనూ ఒకేలా వినిపిస్తుంది, అర్థం మాత్రం ఏ ఇంటి దారి ఆ ఇంటిది. 'ఇండస్ట్రీ' అంటే 'ఉద్యోగ్' అని టీచరు రాయిస్తారు. మరాఠీలో అది నూటికి నూరుపాళ్లు సరైన అర్థం. తెలుగు పిల్లవాడి చెవిలో అది 'ఉద్యోగం' అని పడుతుంది. ఆనక వాడు, ఇక్కడి బొగ్గు గనుల కంపెనీలో వాళ్ల నాన్నకు ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి, వ్యాసంలో 'మై ఫాదర్ గాట్ ఇండస్ట్రీ ఇన్ డబ్ల్యూసీఎల్' అని రాస్తాడు. టీచరు ఎర్ర సున్నా చుడతారు. టీచరు చెప్పింది తప్పు కాదు, పిల్లవాడు విన్నదీ తప్పు కాదు. ఎవరిని తప్పుపట్టాలి?

'డేంజర్' సంగతి ఇంకా గమ్మత్తు. మరాఠీలో దానికి 'ధోకా' అంటారు, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ మీద పుర్రె బొమ్మ కింద అదే రాసి ఉంటుంది. తెలంగాణ తెలుగులో ధోకా అంటే మోసం. 'ధోకా చేసిండు' అనని ఇల్లు ఉండదు. అందుకే ఏడో తరగతి పిల్లవాడొకడు దోస్తుతో జగడమయ్యాక 'హీ డిడ్ డేంజర్ విత్ మీ' అని రాసుకొచ్చాడు. 'ఆపర్చునిటీ'కి మరాఠీలో 'సంధి'. తెలుగులో సంధి అంటే రెండు రాజ్యాలు చేసుకునేది, లేదంటే వ్యాకరణంలో పిల్లల్ని ఏడిపించేది. పోనీ హిందీ గైడు కొనుక్కుందామంటే అందులో 'అవసర్' అని ఉంటుంది, అది మాకు 'అవసరం'లా వినిపిస్తుంది. కోపానికి మరాఠీ మాట 'రాగ్'. మా ఇళ్లలో రాగమంటే పాట పాడేటప్పుడు తీసేది, కాదంటే అన్నం వద్దని పిల్లలు తీసేది. హిందీలో చదువుకు 'శిక్షా' అంటే, మరాఠీకీ తెలుగుకూ శిక్ష అంటే దండనే. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం మరాఠీ తెలుగు పిల్లలు కలిసి నవ్వుకుంటారు.

అలాగని మరాఠీని అడ్డంకి అనుకోవద్దు. చాలా చోట్ల అదే ఆదుకుంటుంది. 'ఎస్టిమేట్'కు 'అందాజ్' అని మరాఠీలో చెబితే, 'అందాజగా చెప్పు' అని రోజూ అనుకునే మా పిల్లలకు ఇక వివరణే అక్కర్లేదు. ఎక్కడ ఆదుకుంటుందో, ఎక్కడ జారిపడేలా చేస్తుందో టీచరుకు తెలియాలి. తెలియాలంటే పిల్లల మూడో గడి ఆయనకు కనబడాలి. పెన్సిల్‌తో సన్నగా రాసి దాచుకునే మాటలు ఎవరికి కనబడతాయి చెప్పండి?

చంద్రపూర్‌లో తెలుగేమిటని పుణెవాళ్లు అడగడం నాకు కొత్త కాదు. వార్ధా నది అవతలి రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ వైపుల నుంచి బొగ్గు గనులకు, కాగితం మిల్లుకు వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నవాళ్ల మూడో తరం ఇప్పుడు బడిలో ఉంది. చైత్ర పౌర్ణమికి చంద్రపూర్ మహాకాళి జాతరలో వినబడే తెలుగు వింటే ఇక వేరే రుజువులు అక్కర్లేదు. జివతి తాలూకా సరిహద్దు ఊళ్లలో మహారాష్ట్ర బడీ ఉంటుంది, తెలంగాణ బడీ ఉంటుంది. అక్కడి చిక్కులు వేరు, వాటికి ఇంకో ఉత్తరం కావాలి.

ఇక అసలు విషయం. ఒక పదానికి ఒక అర్థం రాయించి, మర్నాడు అప్పజెప్పించుకుని, పరీక్షలో జతపరచమంటే ఇంగ్లిష్ వస్తుందా? 2000లో మహారాష్ట్ర ఒకటో తరగతి నుంచే ఇంగ్లిష్ పెట్టింది. అంతకు ముందు ఐదో తరగతిలో మొదలయ్యేది. ఏళ్లు పెరిగాయి, పదాలూ పెరిగాయి. పదో తరగతికి వచ్చిన పిల్లవాడు వందల పదాలకు మరాఠీ అర్థం టకటకా చెబుతాడు. ఆ పదాల్లో ఒకదాన్ని పెట్టి వాక్యం చెప్పమంటే నేల చూపులు చూస్తాడు. అర్థం తెలిసిన పదానికీ వాడగలిగే పదానికీ మధ్య దూరాన్ని బట్టీ తగ్గించదు.

ఇది నా సొంత పైత్యం కాదు. వందేళ్ల కింద ఢాకాలో టీచర్ల ట్రైనింగ్ కాలేజీ నడిపిన మైకేల్ వెస్ట్ అనే ఆయన బెంగాలీ పిల్లల్ని చూసే ఈ సంగతి పట్టుకున్నాడు. తక్కువ పదాలు, అవే పదాలు మళ్లీ మళ్లీ తగిలేలా కథల రీడర్లు రాశాడు. 1953లో ఆయన అచ్చువేసిన జాబితాలో పదాలు రెండు వేలే, కానీ ఒక్కో పదానికి ఉన్న అర్థాల్లో ఏది ఎంత తరచుగా వస్తుందో లెక్కకట్టి పెట్టాడు. అటు టోక్యోలో హార్న్‌బీ అనే ఇంగ్లిష్ మాస్టారు జపాను విద్యార్థుల కోసం 1942లో ఒక డిక్షనరీ తెచ్చాడు. ఏ క్రియ వెనక ఏ మాట రావాలి, వాక్యం ఏ అచ్చులో కూర్చోవాలి అన్నది అర్థంతో పాటే చెప్పడం దాని ప్రత్యేకత. తర్వాత ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దాన్నే తీసుకుని ప్రపంచమంతా అమ్మారు. వాళ్లిద్దరూ ఇంగ్లిష్ పరాయి భాష అయిన పిల్లల మధ్య పనిచేసినవాళ్లు. లండన్‌లో కూర్చుంటే వాళ్లకు ఆ ఆలోచనే వచ్చేది కాదేమో.

మా ఊరి ఉదాహరణే చెబుతాను. 'హెవీ' అంటే 'జడ్' అని మరాఠీలో, 'బరువైన' అని తెలుగులో. రాసుకున్నారు, అప్పజెప్పారు. మర్నాడు వానొచ్చింది. ఏం వాన అని అడిగితే 'బిగ్ రెయిన్' అన్నారు, ఒకడు 'స్ట్రాంగ్ రెయిన్' అన్నాడు. తప్పేం లేదు, తెలుగులో వాన బరువుగా ఉండదు, జోరుగా ఉంటుంది. అప్పుడు వాళ్లను వేరే ప్రశ్న అడిగాను. మీ ఇళ్లలో ఎవరికైనా హెవీ లైసెన్సు ఉందా? సగం చేతులు లేచాయి. డంపర్లు, టిప్పర్లు తోలేవాళ్ల పిల్లలు మరి. హెవీ లైసెన్సంటే లైసెన్సు కార్డు బరువుగా ఉంటుందా? నవ్వారు. పెద్ద బండి తోలే లైసెన్సు సార్ అన్నారు. అయితే హెవీ అన్న మాట బరువు మీదే కాక ఇంకెక్కడెక్కడ కూర్చుంటుందో వెతకండి అన్నాను. హెవీ వెహికల్, హెవీ ట్రాఫిక్, హెవీ డ్యూటీ, హెవీ బ్లాస్టింగ్... ఒక్కొక్కరూ వాళ్ల నాన్నల నోటి నుంచే తెచ్చారు. చివరికి హెవీ రెయిన్ తనంతట తనే దొరికింది. ఆ రోజు నేను కొత్త పదం ఒక్కటీ నేర్పలేదు. ఉన్న ఒక్క పదానికీ ఎవరితో పొత్తో చూపించాను, అంతే.

గని కాలనీ పిల్లల దగ్గర ఇంగ్లిష్ లేదనుకోవడం పెద్ద పొరపాటు. మాకు షిఫ్ట్ తెలుసు, రూఫ్ తెలుసు, పిల్లర్ తెలుసు, సీమ్ తెలుసు. ఓపెన్‌కాస్టులో మెట్లుమెట్లుగా తవ్విన వాటిని బెంచ్ అంటారని తెలుసు. బొగ్గు కొట్టే చోటును ఫేస్ అంటారని, బొగ్గు తీసేశాక వెనక మిగిలిన బోలును గోఫ్ అంటారని అండర్‌గ్రౌండులో పనిచేసేవాళ్ల ఇళ్లలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. డ్రెస్సింగ్ అంటే బట్టలేసుకోవడం, దెబ్బకు కట్టు కట్టడం అని పుస్తకంలో ఉంటే, మా పిల్లలకు మూడో అర్థమూ తెలుసు. పైకప్పులో వదులైన బొగ్గును, రాయిని ముందే రాల్చేయడం. నాన్న ఆ పని సరిగ్గా చేస్తే సాయంత్రం ఇంటికి వస్తాడు. ఆ పదానికి ఉన్న విలువ వాళ్లకు తెలిసినంతగా మీ పుస్తకం రాసినవాళ్లకు తెలియకపోవచ్చు. ఇంత సరుకు ఇంట్లో పెట్టుకున్న పిల్లలు క్లాసులో బిక్కచచ్చి కూర్చుంటారు, ఎందుకంటే అవి ఇంగ్లిష్ మాటలని ఎవరూ వాళ్లతో అనలేదు. ఘుగ్గుస్‌లో, మాజ్రిలో, దుర్గాపూర్‌లో ఏ గని క్వార్టర్సుకైనా వెళ్లి వినండి.

అర్థం విషయంలోనూ ఇంటి భాష చేసే మేలు వేరేది చేయలేదు. 'సే', 'టెల్', 'స్పీక్' మూడింటికీ గైడ్లు 'బోలణే, సాంగణే' అని కలిపి రాసేస్తాయి. పిల్లలు ఏది దొరికితే అది వాడతారు, 'హీ సెడ్ మీ' అని రాస్తారు. తెలుగులో మేం అనడం, చెప్పడం, మాట్లాడటం అని మూడుగా విడదీసుకుంటాం. మరాఠీలోనూ మ్హణణే, సాంగణే, బోలణే అని ఆ మూడూ ఉన్నాయి, గైడ్లకే ఓపిక లేదు. చెప్పడం అంటే ఎవరికో ఒకరికి చెప్పాలి, వినేవాడు కావాలి. 'టెల్' కూడా మామూలుగా అంతే, పక్కనే మనిషిని అడుగుతుంది. అనడానికి ఆ పట్టింపు లేదు, గోడకేసి కూడా అనుకోవచ్చు. ఈ ఒక్క మాట చెబితే సగంమంది తప్పు రాయడం మానేస్తారు. సొంత భాషలో ఉన్న తేడా చూపితే ఇంగ్లిష్‌లో తేడా పట్టుబడుతుంది. వ్యాకరణ సూత్రం చెబితే పట్టుబడదు, నేను చెప్పి చూశాను.

మీరేమంటారో నాకు తెలుసు. ఇప్పుడు అందరి చేతిలో ఫోన్ ఉంది, పదం కొడితే ఏ భాషలో కావాలంటే ఆ భాషలో అర్థం వస్తుంది కదా అంటారు. వస్తుంది. తెలుగు లిపిలో వస్తుంది, మా పిల్లలకు ఆ లిపి రాదు. దాంతో హిందీ నొక్కుతారు, మళ్లీ ఆపర్చునిటీ 'అవసరం' అయిపోతుంది. ఇంగ్లిష్ మీడియంలో వేస్తే పోలా అని ఇంకొందరు అంటారు. వేసేవాళ్లు వేస్తున్నారు. అక్కడ పదానికి ఇంగ్లిష్‌లోనే అర్థం బట్టీ పట్టిస్తారు, అర్థంలోని మాటలకు మళ్లీ అర్థం వెతుక్కోవాలి.

2025లో మూడో భాష గొడవ చూశాం. ఒకటో తరగతి నుంచి హిందీ అన్నారు, రాష్ట్రమంతా భగ్గుమంది, జూన్ 29న ఆ జీవోలు వెనక్కి తీసుకున్నారు. ఆ రెండు నెలలూ టీవీల ముందు కూర్చున్నాను. పిల్లలకు ఎన్ని భాషలు నేర్పాలని అందరూ లెక్కలు వేశారు. మా పిల్లలు ఇంటి నుంచి ఏ భాషతో వస్తున్నారని మాత్రం ఎవరూ అడగలేదు. తెలుగనే కాదు, ఈ జిల్లాలో గోండీ, కొలామీ మాట్లాడే పిల్లలున్నారు, బెంగాలీ ఇళ్ల పిల్లలున్నారు. మూడో గడి వాళ్లందరికీ కావాల్సిందే.

నేను కోరేది పెద్ద సంస్కరణేమీ కాదు. ఖాళీ పేజీలన్నీ వెనక్కి ఇవ్వమనడం లేదు, పిల్లల సంచి మీద నాకూ కనికరం ఉంది. ఇంగ్లిష్ పుస్తకంలో మాత్రం, పాఠం చివర పదాల కోసం అర పేజీ ఇవ్వండి. పదాల సంఖ్య తగ్గించండి. పాఠానికి ఆరేడు చాలు. ఒక్కో పదానికీ పాఠంలో ఉన్న వాక్యం ఒకటి, బయటి బతుకులో వాడే వాక్యం ఒకటి ఇవ్వండి. 'హెవీ'కి బస్తా ఒకటి, వాన ఒకటి. మరాఠీ మీడియం పుస్తకంలో మరాఠీ అర్థం కూడా ఉండనివ్వండి. దాని పక్కన ఒక గడి ఖాళీగా వదిలేసి పైన 'మా ఇంట్లో ఇలా అంటాం' అని అచ్చువేయండి. దానికి ఏ భాషా పేరు పెట్టకండి, ఏ లిపిలో రాయాలో చెప్పకండి. పుణెలోని మరాఠీ పిల్లకు కూడా ఆ గడి పనికొస్తుంది. వాళ్ల నానమ్మ మాట ఒకటి అందులో పడుతుంది.

టీచర్ల పుస్తకంలో ఒక్క వాక్యం చేర్చండి, ఆ గడిలో రాసినదానికి మార్కులు వేయొద్దని, చెరిపించొద్దని. చంద్రపూర్, గడ్చిరోలి, నాందేడ్ లాంటి సరిహద్దు జిల్లాల టీచర్ల కోసం నేను పైన చెప్పిన ఉద్యోగ్, ధోకా, సంధి లాంటి మాటల పట్టిక రెండు పేజీల్లో ఇవ్వొచ్చు. అది చేయడానికి కమిటీ అక్కర్లేదు, మీ తెలుగు విభాగం వాళ్లూ మరాఠీ విభాగం వాళ్లూ కలిసి రెండు పూటలు టీ తాగితే అయిపోతుంది. పరీక్షలో జతపరచడం తీసేయమని కూడా అడగాలని ఉంది, కానీ అది మీ చేతిలో పూర్తిగా లేదని తెలుసు కాబట్టి ఊరుకుంటున్నాను.

అన్ని తరగతులకూ ఒకేసారి చేయనక్కర్లేదు. ఆరో తరగతి ఇంగ్లిష్ పుస్తకంలో ఒక్క పాఠానికి ఇలా నమూనా వేసి పంపండి. ఎండల వల్ల విదర్భలో బడులు మీకంటే ఆలస్యంగా, జూన్ చివర్లో తెరుస్తారు కనుక మాకు కొంచెం వ్యవధి ఉంటుంది. పిల్లలతో చేయించి, ఏ గడి నిండిందో, ఏది నిండలేదో, ఏ వాక్యం మా ఎండకూ మా బొగ్గుకూ అతకలేదో రాసి పంపుతాం. ఆ జవాబు మరాఠీలోనే రాస్తాం, మీవాళ్లకు తర్జుమా శ్రమ ఉండదు.

ఇట్లు,
బల్లార్‌పూర్ నుంచి ఒక ట్యూషన్ మాస్టారు